చీజ్ కత్తుల సెట్టు కొనే ముందు పిడి చూడండి

ఫ్రాన్స్‌లోని లియోన్ వచ్చిన కొత్తలో ఒక టూరిస్టు షాపులో పిడి మీద తేనెటీగ బొమ్మ చూసి, ఆ గుర్తుకు పేరుపడ్డ ఫ్రెంచి లాయోల్ కత్తులే కదా అని సెట్టు కొనేశాను. ఆర్నెల్లకే పిడి వదులైంది. ఆ పేరూ, ఆ తేనెటీగా ఎక్కడెక్కడో చేసిన కత్తుల మీద కూడా ఉంటాయి. అందుకే ఏ ఊళ్లో చేశారో అడగండి. ఇక్కడ తియేర్ ఊరు శతాబ్దాలుగా కత్తులకే పేరు. ఒకప్పుడు డ్యూరోల్ నది నీటి వేగంతోనే అక్కడ సానరాళ్లు తిరిగేవి.

కత్తి చేతిలోకి తీసుకుని చెక్కా, ఉక్కూ కలిసే చోట బొటనవేలి గోరుతో మెల్లగా గీయండి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు, పిడిని బిగించే రివెట్ల దగ్గర కూడా. సందు ఉంటే నీళ్లు దిగి చెక్క ఉబ్బుతుంది. నా మొదటి సెట్టు అలాగే పాడైంది.

ఆరు కత్తులు అక్కర్లేదు, మూడు చాలు. కమాంబేర్ లాంటి మెత్తటివాటికి అలుగుకు చిల్లులున్నది, చీజ్ అంటుకోదు. కోంతే లాంటి గట్టి చీజ్‌కి కాస్త బరువైన వెడల్పు కత్తి. ఇంకా గట్టిగా ఉండే పార్మెజాన్‌కి బాదంగింజ ఆకారంలో ఉండే పొట్టిది. దాంతో కోయకండి, గుచ్చి కాస్త మెలితిప్పితే ముక్క గరుగ్గా, దానంతటదే విడిపోతుంది. ఆ గరుకులోనే రుచంతా!

చెక్క పిడి కత్తుల్ని మాత్రం డిష్‌వాషర్‌లో వేయొద్దు. చేత్తో కడిగి, వెంటనే తుడిచేయండి.