1893ని ఒక్క సాయంత్రంలో వినిపించాలంటే

సంగీతం క్లాసుల వార్షికోత్సవం అంటే ఎక్కడైనా ఒకటే వరస. వినాయకుడి మీద ఒకటి, నాలుగు వర్ణాలు, రెండు అన్నమయ్య కీర్తనలు, మంగళం. పాట తప్పు పోకుండా వాయించే పిల్లలే, అది ఏ కాలందని అడిగితే దిక్కులు చూస్తారు. అందుకే తిరుపతి బైరాగిపట్టెడలో నా దగ్గర వయొలిన్ నేర్చుకునేవాళ్లతో ఒక ఏడాదిని పట్టుకుని కార్యక్రమం చేయిస్తుంటాను. మీరు కూడా చేయించవచ్చు. విక్టోరియా రాణి ఏలుబడి చివరి రోజుల్లోని 1893ని ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

ఏడాదిని లండన్ నుంచి వెతకడం మొదలుపెట్టకండి. ముందు మనవాళ్లు ఎవరున్నారో చూడండి. 1893 జనవరి 23న సంగీత సాహిత్య పండితుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ పుట్టారు. నవంబరు 8న వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు పుట్టారు. వయొలిన్ టీచర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? అదే జనవరిలో కర్ణాటక గాయకుడు మహావైద్యనాథ అయ్యర్ కన్నుమూశారు. ఇలా రెండు మూడు పేర్లు ఇంట్లోవే దొరికితే పిల్లల అమ్మానాన్నలు కూడా కుర్చీల్లో కదలకుండా కూర్చుంటారు.

తర్వాత తేదీలు. రాసిన ఏడాది, మొదటిసారి వినిపించిన ఏడాది, అచ్చయిన ఏడాది వేరువేరుగా ఉంటాయి. మొదటి ప్రదర్శననే లెక్కలోకి తీసుకుంటే గొడవ ఉండదు. రష్యావాళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన రచన), అదే ‘పథెటిక్’, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదట వినిపించింది ఒకచోట అక్టోబరు 16 అని, ఇంకోచోట అక్టోబరు 28 అని కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు, అప్పటికి రష్యాలో పాత క్యాలెండరే నడుస్తోంది. కొత్త క్యాలెండరు పట్టుకోండి. అలా చూస్తే ఆయన పోయింది నవంబరు 6న, మన ద్వారంవారు పుట్టింది ఆ రెండు రోజులకే. ఈ మాట మైకులో చెప్పి ఒక్క క్షణం ఆగండి.

ఇక తీసేయడం. ఫిబ్రవరిలో ఇటలీలోనే వెర్డీ, పుచ్చీనీల ఒపేరాలు, అంటే పాటల్లో నడిచే నాటకాలు, ఎనిమిది రోజుల తేడాతో వచ్చాయి. గొప్పవే, కానీ కథ చెప్పకుండా ఒపేరా ముక్క వినిపిస్తే పిల్లలు ఫోన్లు తీస్తారు. లండన్‌కి రెండు వాక్యాలు చాలు: గిల్బర్ట్, సలివన్‌ల జంట కొత్త సంగీత నాటకం అక్టోబరులో సవాయ్ థియేటర్లో ఆడింది, డిసెంబరు 2న క్వీన్స్ హాల్ అనే కచేరీ హాలు తెరిచారు.

మిగిలిన సమయమంతా రెండు ముక్కలకివ్వండి. మొదటిది చెక్ స్వరకర్త ద్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీ. న్యూయార్క్ కార్నెగీ హాల్లో డిసెంబరు 16న వినిపించారు. అందులో రెండో భాగం, లార్గో, పెట్టండి. మొదట వచ్చే బరువైన బ్రాస్ (ఇత్తడి వాయిద్యాల) ధ్వనులు అయ్యాక ఒక వాయిద్యం ఒంటరిగా పాట అందుకుంటుంది. దాని పేరు కోర్ ఆంగ్లే. మన నాదస్వరానికి లాగే దానికీ జంట రీడే. పెట్టేముందు తంబురా యాప్‌ను ఒకటిన్నర శ్రుతిలో ఉంచండి, సరిగ్గా కలుస్తుంది. గపప, గరిస, రిగపగరి. మా క్లాసులో వర్ణం దశలో ఉన్న అమ్మాయి రెండో వరస రాకముందే “మేడం, ఇది మోహనం కదా!” అంది. స్వరాలు మోహనానివే. రాగం నడక మాత్రం కాదు, అది వాళ్లతోనే వాయించి చూపించండి: ఒకసారి గాంధారాన్ని నిలువుగా పట్టి, ఒకసారి మనలా కాస్త ఊపి. ఇక్కడ పది నిమిషాలు పోయినా పరవాలేదు.

రెండోది పథెటిక్ రెండో భాగం. యూరప్‌వాళ్ల వాల్ట్జ్ నాట్యంలా ఉంటుంది కానీ లెక్క మూడు కాదు, ఐదు. తక తకిట, తక తకిట. యూరప్‌వాళ్లకు అది కుంటినడకలా తోచిందట గానీ మన హాల్లో మృదంగం పిల్లాడు ఖండచాపు వేసుకుంటూ హాయిగా వెళ్లిపోతాడు. ముందు వేయించి తర్వాత పాట పెట్టండి, హాలంతా చేతులతో తాళం కలుపుతుంది.

మన సంగీతానికి వచ్చేసరికి రికార్డులుండవు. ఈ దేశంలో గ్రామఫోన్ రికార్డింగ్ మొదలైంది 1902లో. కాబట్టి పాడి తీరాలి. ఏది పాడాలో చెప్పే పుస్తకం ఒకటుంది: మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ 1893లో వేసిన ‘ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్’. త్యాగరాజ కీర్తనలను ఇంగ్లీషువాళ్ల అయిదు గీతల మీదికి ఎక్కించారాయన. త్యాగరాజుగారి వాలాజాపేట శిష్యుల పాఠం అందులో ఉంది. ఆ వాలాజాపేట అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, ఆ జిల్లాకు ముఖ్య పట్టణం చిత్తూరు. చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911లో. అందులోంచి ఒక కీర్తన తీసుకుని పాశ్చాత్యం నేర్చుకునే పిల్లాడితో చూసి కీబోర్డు మీద వాయించమనండి, వెంటనే అదే కీర్తన మీ శిష్యురాలితో వయొలిన్‌లో. మీరేమీ వివరించనక్కర్లేదు.

మొదలుపెట్టడానికి తేలికైంది ఒకటి చెబుతాను. హ్యాపీ బర్త్‌డే పాట వరసను అమెరికాలో హిల్ అక్కచెల్లెళ్లు పిల్లల బడి కోసం ‘గుడ్ మార్నింగ్ టు ఆల్’ అని 1893లోనే అచ్చువేశారు. పసిపిల్లలతో ఆ మాటలతోనే పాడిస్తే హాలు నవ్వుతుంది, టెన్షన్ పోతుంది.

చివరగా మన ఊరి ఇబ్బంది. తిరుపతిలో సభ పెట్టి అన్నమయ్య కీర్తన లేకపోతే ముందు వరసలోంచే చీటీ వస్తుంది. ఆ కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల భాండాగారం నుంచి వెలుగులోకి వచ్చింది 1922లో. ఇప్పుడు మనం పాడుకునే చాలా బాణీలు ఆ తర్వాత కట్టినవి. కొన్నింటికి బాణీలు కట్టింది రాళ్ళపల్లివారే, అదీ ఇక్కడ తిరుపతిలో పనిచేస్తూనే. కాబట్టి 1893లో దాన్ని కలపకండి. కార్యక్రమం అయిపోయిందని చెప్పి, మంగళానికి ముందు ఆయన కట్టిన వరసలో ఒకటి పాడించండి. ఆ జనవరిలో పుట్టిన పిల్లవాడు పెద్దయ్యాక కట్టిన బాణీ ఇది అని ముందే చెప్పండి.