పాత రేసింగ్ సైకిల్: అమ్మాలా, ఉంచుకోవాలా

ఇంట్లో ఓ మూలన పాత రేసింగ్ సైకిల్ ఉందంటే దాని గురించి ఎప్పుడు మాటొచ్చినా రెండే మాటలు వినిపిస్తాయి. "జాగా దండగ, పాత ఇనుప సామాన్లోడు వస్తే వేసెయ్" అని ఒకరు, "అది మామయ్య గుర్తు, ముట్టుకోకు" అని ఇంకొకరు. రెండూ సైకిల్‌ను బయటికి తీసి, గాలి కొట్టి, ఎక్కి చూడకుండా అన్న మాటలే. నేను చెప్పేది ఇది: ముందు అది మీ ఒంటికి సరిపోతుందో లేదో చూడండి. సరిపోతే తక్కువ ఖర్చులో నడిచేటట్టు చేయించి నలభై రోజులు తొక్కండి, అమ్మడమా ఉంచుకోవడమా అన్నది ఆ తర్వాత తేల్చండి. రేటెంత పలుకుతుందన్నది ఆఖరి ప్రశ్న, చాలామంది దాన్నే మొదట అడుగుతారు.

నల్లగొండలో మా ఇంట్లో ఇలాంటివి రెండు ఉండేవి. ఒకటి మా మేనమామది, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీ, వంకర హ్యాండిల్, పది గేర్లు. ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో విదేశం నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర కొన్నాడు. రెండోది నేనే ఆశపడి జుమ్మేరాత్ బజార్‌లో ఒక గురువారం కొన్నాను. మొదటిదాన్ని ఇప్పటికీ తొక్కుతున్నాను, రెండోదాన్ని అమ్మేశాను, రెండింటి విషయంలోనూ నాకు బాధ లేదు.

మన ఊళ్లలో పాత సైకిల్ అనగానే గుర్తొచ్చే నల్ల సైకిల్, అదే హీరో, అట్లాస్, హెర్క్యులస్, సేన్ రాలీ లాంటివి, నేనిక్కడ చెప్పేది వాటి గురించి కాదు. వాటి 28×1½ టైరు, బ్రేకు రబ్బర్లు మండల కేంద్రంలో చిన్న షాపులో కూడా దొరుకుతాయి, అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడినా ఆ సైకిళ్లకు సామాను కరువు రాలేదు. వాటిని ఉంచుకోవడం సులువు. చిక్కంతా సన్న టైర్ల రోడ్డు సైకిళ్లతోనే.

సైజు చూడటానికి పది నిమిషాలు చాలు. బూట్లు వేసుకుని పై గొట్టానికి అటొక కాలు ఇటొక కాలు పెట్టి నిలబడండి, గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. తర్వాత గోడ పట్టుకుని సీటెక్కి, పెడల్ మీద మడమ పెట్టి కాలు పూర్తిగా కిందికి చాపండి, మోకాలు దాదాపు నిటారుగా రావాలి, అప్పుడు ముందు పాదంతో తొక్కేటప్పుడు అది కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. సీటు అలా బిగించాక దాని గొట్టం ఫ్రేములోంచి పిడికెడు బయటికి కనిపిస్తే సైజు కుదిరినట్టే. రెండు వేళ్ల మందం కూడా కనిపించకపోతే ఫ్రేము మీకు పెద్దది.

నేను అమ్మేసింది 23½ అంగుళాల ఫ్రేము, నా ఎత్తేమో 5 అడుగుల 6 అంగుళాలు. పెయింటు మెరుస్తుంటే కొనేశాను. ఏడాది తొక్కాను, తొక్కినప్పుడల్లా మెడా నడుమూ పట్టేసేవి, హ్యాండిల్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే స్టెమ్ పొట్టిది వేయించాను, సీటు ముందుకు జరిపాను, ఏం చేసినా పై గొట్టం పొడుగు తగ్గదు కదా. చివరికి జడ్చర్ల నుంచి ఒక ఆరడుగుల కుర్రాడొచ్చి ఎక్కి కూర్చుని మా వీధిలో ఒక్క చుట్టు తిరిగొచ్చాడు, ఆ చుట్టు చూశాకే అది అతని సైకిల్ అని నాకు అర్థమైంది. సైజు కుదరని సైకిల్‌ను ప్రేమ మీద ఉంచుకోకండి. మీ ఇంట్లో ఇంకెవరికైనా సరిపోతే సరే, లేకపోతే అమ్మకం దారి పట్టించడమే మంచిది.

సైజు కుదిరితే ఫ్రేము చూడాలి, ఇక్కడ తొందరపడొద్దు. పొద్దున వెలుతురులో, కిరోసిన్ తడిపిన గుడ్డతో మట్టీ జిడ్డూ తుడిచి, హ్యాండిల్ దగ్గర్నుంచి పెడళ్ల వైపు వచ్చే ఏటవాలు గొట్టం కింది భాగం మీద వేలు నెమ్మదిగా జరపండి. ముందు మూల నుంచి మూడు నాలుగు వేళ్ల దూరంలో గొట్టం ముడత పడ్డట్టు తగిలినా, పెయింటు సన్నగా అడ్డంగా పగిలినట్టు కనిపించినా ఆ సైకిల్ ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దుకున్నట్టే. పై గొట్టానికీ అదే పరీక్ష చేయండి. పక్కనుంచి నిలబడి ముందు ఫోర్కు చూడండి, అది హ్యాండిల్ గొట్టం వాలులోనే కిందికి దిగి చివర్లో ముందుకు ఒంపు తిరగాలి, వెనక్కి నెట్టినట్టుంటే అనుమానించాలి.

ఫ్రేము వంకరపోయిందో లేదో తెలుసుకోవడానికి దారం చాలు. వెనక చక్రం తీసేసి, ఇరుసు బిగించే చోట ఒక పక్క నైలాన్ దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్క ఇరుసు చోటుకు బిగుతుగా లాగి కట్టండి. సీటు కింది నిలువు గొట్టం దగ్గర దారానికీ గొట్టానికీ మధ్య ఎంత సందుందో రెండు పక్కలా స్కేలుతో కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు, ఐదు దాటితే వెనక భాగం ఒకపక్కకు పోయిందని అర్థం.

తర్వాత జంగు. పైన కనిపించే జంగు కంటే లోపలిది ముఖ్యం. సీటు గొట్టం పూర్తిగా బయటికి లాగి సైకిల్‌ను తలకిందులు చేసి కుదపండి. మామయ్య సైకిల్‌ను అలా చేసినప్పుడు ముందు ఎర్రటి పొడి రాలింది, వెనకాలే ఒక ఎండిపోయిన కందిరీగ గూడు పడింది, నా గుండె ఝల్లుమంది. పెడళ్ల గొట్టం, అంటే రెండు పెడళ్ల మధ్య ఇరుసు తిరిగే అడ్డ గొట్టం, దాని చుట్టూ స్క్రూడ్రైవర్ కొసతో గట్టిగా నొక్కి చూశాను, ఎక్కడా లోపలికి దిగలేదు, గీత మాత్రమే పడింది. దిగితే మాత్రం దాన్ని రోడ్డెక్కించకండి. సీటు గొట్టం అల్యూమినియందై ఉండి ఎంత లాగినా రాకపోతే, ఏళ్ల తరబడి అది ఇనుముతో కలిసి పట్టేసిందన్నమాట, జంగు వదిలే నూనె పోసి రోజుల తరబడి ఓపిక పట్టాలి. సుత్తితో కొట్టకండి. ఫ్రేము ఎక్కడైనా చిట్లి ఉంటే గేట్లూ కిటికీలూ చేసే వెల్డింగ్ షాపుకు అస్సలు తీసుకుపోకండి, ఈ గొట్టాలు పల్చటివి, ఇత్తడితో అతికించినవి, ఆర్క్ వెల్డింగ్ వేడికి కాలిపోతాయి. అలాంటి ఫ్రేముకు వీడ్కోలు చెప్పి సామాను విడిగా అమ్ముకోవడమే మేలు.

టైర్ల దగ్గర నాకు పెద్ద దెబ్బే తగిలింది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. పాత ఇంగ్లిష్ రోడ్డు సైకిళ్లకు ఎక్కువగా 27×1¼ టైరు ఉంటుంది, దాని పక్కన 32-630 అని అచ్చు కూడా ఉండొచ్చు, 630 అంటే టైరు రిమ్ములో కూర్చునే చోట మిల్లీమీటర్లలో వ్యాసం. మన నల్ల సైకిల్ 28×1½ టైరుది 635. తేడా 5 మిల్లీమీటర్లే. ఒక షాపాయన "అదీ ఇదీ ఒకటేనన్నా, ఎక్కుతది" అని వేసేశాడు. టైరెక్కించే లివర్లు లేకుండా ఉత్త చేతులతోనే ఎక్కింది, అప్పుడే అనుమానం రావాల్సింది. ఆ 5 మిల్లీమీటర్లు చుట్టుకొలతలో దాదాపు 16 మిల్లీమీటర్లు అవుతాయి. గాలి సగం పట్టగానే టైరు అంచు ఒకచోట రిమ్ము దాటి ఉబ్బింది, చూస్తుండగానే ట్యూబు బయటికొచ్చి ఢామ్మని పేలింది. నడుస్తుండగా అలా అయ్యుంటే చేయో కాలో విరిగేది. కాబట్టి అంకె చదవకుండా టైరు కొనకండి.

630 టైరు మన దగ్గర షాపుల్లో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, తెప్పిస్తే ఒకటి ఎక్కువే తెప్పించి పెట్టుకోండి. రెండో దారి చక్రాలే మార్చేసి 700సి వేయించడం. ఇప్పటి హైబ్రిడ్ సైకిళ్లలో చాలావాటికి అదే కాబట్టి టైర్ల బాధ తీరిపోతుంది. దాని కొలత 622, అంటే రిమ్ము అంచు 4 మిల్లీమీటర్లు కిందికి పోతుంది, బ్రేకు రబ్బర్లు అంత కిందికి జరిగే వీలుందో లేదో చక్రాలు కొనకముందే చూసుకోండి. తీసేసిన పాత చక్రాలు పారేయొద్దు, అమ్మేటప్పుడు అవి కావాలి.

రిమ్ముకు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుప రిమ్ము, వానలో తడిస్తే బ్రేకు సరిగ్గా పట్టదు, ఆ సంగతి తెలిసే తొక్కాలి. అంటుకోకపోతే అల్యూమినియం, మంచిది. పెడళ్ల గొట్టంలోని ఇరుసు విప్పించాల్సి వస్తే మెకానిక్ పక్కనే నిలబడండి. ఆ ఇరుసు గోళీలను రెండు పక్కలా బిగించి పట్టే కప్పులుంటాయి, ఇంగ్లిష్ సైకిళ్లలో చైను వైపు కప్పుది ఉల్టా త్రెడ్, ఫ్రెంచి, ఇటలీ సైకిళ్లలో అది మామూలు త్రెడ్. తెలియక పానాకు పైపు తొడిగి తప్పు వైపు తిప్పితే కప్పు చెడిపోతుంది. రాలీ వాళ్ల మామూలు రకం సైకిళ్లలో త్రెడ్ కొలత కూడా వేరు, అంగుళానికి 24 చుట్లకు బదులు 26 ఉంటాయి, బయట కొన్న కప్పు పట్టదు. అందుకే ఉన్న కప్పులు బాగుంటే కడిగి, గోళీలు మార్చి, కొత్త గ్రీజు పెట్టించి వదిలేయడమే తెలివైన పని. తోలు సీటుంటే దానికి కొబ్బరి నూనో ఆముదమో దండిగా పట్టించకండి, తోలు మెత్తబడి సాగి జోలెలా వేలాడుతుంది.

మొదటి విడతలో టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, వైర్లు, చైను, గ్రీజు, ఇంతవరకే ఖర్చు పెట్టండి. పెయింటు జోలికి పోవద్దు. ఉంచుకున్నా అమ్మినా అసలు రంగు, స్టిక్కర్లు ఉంటేనే విలువ.

ఇక నలభై రోజులు. నేను తెల్లారకముందే క్లాక్ టవర్ దగ్గర్నుంచి పానగల్ వైపు పోయి, ఛాయా సోమేశ్వరాలయం ముందు కాసేపు ఆగి, ఉదయ సముద్రం కట్ట చూసుకుని వచ్చేవాణ్ని. ఎండాకాలంలో ఎనిమిది దాటితే మన దగ్గర తొక్కడం శిక్షే. క్యాలెండర్ మీద తొక్కిన రోజుకు ఒక గీత, పంచర్ పడిన రోజుకు ఒక చుక్క పెట్టాను. సన్న టైరుకు మన రోడ్ల పక్కనుండే సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరుకాయ పెద్ద శత్రువులు, మట్టి అంచుకు దిగకుండా తారు మీదే ఉంటే చుక్కలు తగ్గాయి. నలభైలో నాకు 26 గీతలు వచ్చాయి. మీకు పదిలోపు వస్తే మీకు ఆ సైకిల్ మీద ఉన్నది అభిమానమే, అవసరం కాదు. పదికీ ఇరవైకీ మధ్య వస్తే ఇంకో నెల చూడండి, తప్పేం లేదు, లేదా మేనల్లుడికో తమ్ముడికో ఆరు నెలలు తొక్కడానికి ఇవ్వండి.

అమ్మాలని తేలితే ఇంట్లో అడగకుండా అమ్మకండి. నేను ఉంచుకోవాలనే అనుకున్నా అత్తమ్మను అడిగాను, ఎందుకంటే ఆ సైకిల్ మీద నాకంటే ముందు ఆమెకు హక్కు. ఆమె తోలు సీటు మీద అరచేయి పెట్టి, ఎడమ పక్క పల్లంగా దిగిన చోట వేళ్లు ఆనించి, "మీ మామ ఇటు పక్కకే ఒరిగి కూసుండేటోడు అల్లుడా" అంది. సీటు మార్చనని అక్కడే చెప్పేశాను.

అమ్మేటప్పుడు పాతదైనంత మాత్రాన ధర రాదని గుర్తుంచుకోండి. రేనాల్డ్స్ 531 గొట్టాల ఫ్రేము, కాంపగ్నోలో సామాను, బ్రూక్స్ తోలు సీటు, ఇలాంటివి ఉంటే హైదరాబాద్‌లో తెలిసిన వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. స్టిక్కరు ఒక్కటే నమ్మొద్దు, కొత్తగా అచ్చేసినవీ దొరుకుతాయి. ఏ ఏడాదిదో చెప్పగలిగితే కొనేవాళ్లకు నమ్మకం కుదురుతుంది. నేను అమ్మినదాని వెనక గేరు లోపలి వైపు హెచ్, డి అని రెండక్షరాలు ఉన్నాయి. ఆ గేరు చేసిన జపాన్ కంపెనీ షిమానో వాళ్ల లెక్కలో మొదటి అక్షరం ఏడాది, 1976ను ఏ అనుకుని వరసగా లెక్కపెట్టాలి, రెండోది నెల. అంటే ఆ గేరు 1983 ఏప్రిల్‌ది. గేరు తర్వాత మార్చి ఉండొచ్చు కాబట్టి సైకిల్ మొత్తం ఆ ఏడాదిదే అని మాత్రం అనకండి. ధర పెట్టడానికి జనం అడుగుతున్న రేట్లు కాకుండా నిజంగా అమ్ముడుపోయిన రేట్లు నలుగురిని అడిగి తెలుసుకోండి.

ఫొటోలు చైను వైపు నుంచి, ఎండ ముఖం మీద పడని చోట తీయండి. గీతలు, సొట్టలు, జంగు ఉన్నచోట దగ్గర్నుంచి తీసి మీరే ముందు చూపించండి. బాగున్న సైకిల్‌ను ముక్కలు చేసి అమ్మకండి, మొత్తం మీద రెండు రూపాయలు ఎక్కువొస్తాయేమో గానీ మళ్లీ అలాంటి సైకిల్ తయారు కాదు. దూరం నుంచి కొంటామని డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనీ, పిన్ కొట్టమనీ ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పనే లేదు. వచ్చి చూసి తొక్కి కొనేవాళ్లకే ఇవ్వడం నాకిష్టం. తప్పక పంపాల్సొస్తే చక్రాలు, పెడళ్లు విప్పి అట్టపెట్టెలో కట్టి ఆర్టీసీ కార్గోలో వేయొచ్చు, వెనక ఇరుసు చోట చెక్కముక్క అడ్డం పెట్టి బిగిస్తే దారిలో ఫ్రేము నొక్కుకుపోదు.

సైకిల్‌కు ఆర్‌సీ ఉండదు. అందుకే ఇచ్చేరోజు ఒక తెల్ల కాగితం మీద ఫ్రేము నంబరు, తేదీ, ధర, ఇద్దరి పేర్లు రాసి సంతకాలు పెట్టుకోండి, చెరో ఫొటో తీసుకోండి. నంబరు పెడళ్ల గొట్టం అడుగునో సీటు కిందో కొట్టి ఉంటుంది, జంగు పట్టి కనబడకపోతే చాక్‌పీసు రుద్దితే అంకెలు తేలతాయి. జడ్చర్ల కుర్రాడికి ఆ కాగితంతో పాటు పాత చక్రాలు, గాలి పంపు, ఇరుసుల పానా కూడా ఇచ్చి పంపాను.