పళ్ళ డాక్టర్ అవ్వాలనుకునే గోదావరి పిల్లలకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి

మన వైపు బైపీసీ చదివే పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా ముందు ఎంబీబీఎస్సే అండి, అది రాకపోతే అప్పుడు చూద్దాంలే అన్నట్టు బీడీఎస్, అంటే పళ్ళ డాక్టర్ చదువు. కౌన్సెలింగ్ ఆఖర్లో కంగారుగా సీటు తీసుకునే బదులు నీట్ రాసి రిజల్ట్ కోసం ఖాళీగా కూర్చునే రోజుల్లో మీ ఊళ్ళో తెలిసిన పళ్ళ డాక్టర్ గారిని అడిగి కొన్ని సాయంత్రాలు క్లినిక్‌లో ఓ మూల నించోండి. రక్తం, ఉమ్ము, నోటి వాసన, మెడ వంచి గంటసేపు ఒకే పన్ను మీద పని, ఇదంతా చూశాక కూడా బానే ఉంది అనిపిస్తే ఆప్షన్ పెట్టండి. ఎందుకంటే ఇది చేతిపని, ర్యాంకు వచ్చినంత మాత్రాన చెయ్యి తిరగదు.

సీటు సంగతి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి ఓపెన్ వాళ్ళకి 50 శాతం, ఎస్సీ ఎస్టీ బీసీలకి 40 శాతం రావాలి, ఆ ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్ళు నిండాలి. నీట్ 720 మార్కులకి. క్వాలిఫై అయ్యాం కదా అని ఊరుకుంటే సీటు రాదు, విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మళ్ళీ విడిగా అప్లై చెయ్యాలి. 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ ఇప్పుడే ఓ ఫైల్లో పెట్టుకోండి, లోకల్ కోటా దానిమీదే ఉంటది, మనం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందకి వస్తాం.

దగ్గర్లో అంటే భీమవరంలో విష్ణు, రాజానగరంలో జీఎస్ఎల్, లెనోరా, ఏలూరు పక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ ఉన్నాయి. గవర్నమెంట్ కాలేజీ కావాలంటే విజయవాడ, కడప. చూడ్డానికి వెళ్తే బిల్డింగు, హాస్టలు కాదండి, పొద్దున్న పదింటికి ఓపీకి వెళ్ళి కుర్చీలు నిండున్నాయో లేదో చూడండి, పేషెంట్లు లేని కాలేజీలో పని రాదు.

చదువు 4 ఏళ్ళు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మొదట్లో అనాటమీ గట్రాతోపాటు మైనం దిమ్మని చెక్కి పన్ను ఆకారం తెప్పిస్తారు, తర్వాత బొమ్మ తల మీద డ్రిల్లింగ్, మూడో ఏడు నుంచి అసలు మనుషులు. ఇన్ని పళ్ళు తియ్యాలి, ఇన్ని క్లీనింగులు, ఇన్ని కట్టుడు పళ్ళ సెట్లు అని కోటా ఉంటది, అందుకే మన పిల్లలు సెలవులకి ఊరొస్తే మావయ్యా ఓసారి నోరు తెరువు అంటారు, పళ్ళన్నీ ఊడిన తాతగారు దొరికితే ఇంక పండగే. నవ్వుకోకండి, చెయ్యి తిరిగేది అక్కడే. చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళ నోట్లో తెల్ల మచ్చ, మానని పుండు, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం లాంటివి క్యాన్సర్ దాకా వెళ్ళకముందే పట్టుకోగలిగేది చాలాసార్లు పళ్ళ డాక్టరే, కాబట్టి పన్నొక్కటే చూసి పంపించే అలవాటు చేసుకోకండి.

పాసయ్యాక స్టేట్ డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీడీఎస్ తర్వాత పీజీ ఎండీఎస్ 3 ఏళ్ళు, దానికి వేరే నీట్. గవర్నమెంట్ పోస్టులు తక్కువ, వాటినే నమ్ముకుని కూర్చోకండి.

సొంత క్లినిక్ తొందరపడి తెరవద్దనేదే నా మాట. ముందు ఓ సీనియర్ దగ్గర పని చెయ్యండి, జీతం తక్కువే కానీ రూట్ కెనాల్ ఒక్కటే కాదు, పేషెంటుకి ఖర్చు ఎలా చెప్పాలో కూడా అక్కడే వస్తది. తర్వాత పెట్టుకున్నా కుర్చీ, డ్రిల్లుకి గాలి ఇచ్చే కంప్రెసర్, పనిముట్లు ఆవిరితో శుభ్రం చేసే ఆటోక్లేవ్, ఎక్స్‌రేతో మొదలెట్టి, క్లిప్పులు వేసే డాక్టర్ గారిని, ఇంప్లాంట్లు పెట్టేవాళ్ళని వారానికో రోజు రప్పించుకోండి. డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో రిజిస్ట్రేషన్, సూదులు, దూది తీసుకెళ్ళే వ్యర్థాల కంపెనీతో అగ్రిమెంటు ముందే అవ్వాలి. కరెంటు సంగతీ మర్చిపోకండి, డ్రిల్లింగ్ మధ్యలో పోతే కంప్రెసర్ ఆగుద్ది.

ఇంకోటి, మన వైపు డబ్బు దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, చేపలు, రొయ్యల చెరువు పట్టుబడి అయ్యాక చేతిలో ఆడతది, క్యాపులు పెట్టించుకోడానికి అప్పుడొస్తారు. కానీ నొప్పి తగ్గగానే రెండో సిట్టింగ్‌కి రారు, సగంలో వదిలేసిన పన్ను విరిగిపోయాక డాక్టర్ పాడుచేశాడంటారు. అందుకని మొదటి రోజే ఎన్నిసార్లు రావాలో, మొత్తం ఎంతవుద్దో కాగితం మీద రాసి ఇచ్చి, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబరు కూడా తీసుకోండి.