మిద్దె తోట మట్టిని పిల్లులు తవ్వకుండా

నిన్న చల్లిన మెంతి మడిలో పొద్దున్నే ఒక మూల గుంట, పక్కన చిన్న మట్టి దిబ్బ. దిబ్బ కింద ఏముందో చెప్పక్కర్లేదు. పిల్లికి మెంతి మీద పగేమీ లేదు. పొడిగా, గుల్లగా, కాలితో గీరితే లేచొచ్చే మట్టి దానికి కావాలి. విత్తనం కోసం మనం సిద్ధం చేసేదీ సరిగ్గా అలాంటి మట్టే. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపితే ఇక చెప్పేదేముంది! అందుకే పిల్లిని తరమడం మానేసి, దాని కాలికి మట్టి అందకుండా చూడండి.

ఆకుకూర మడికి అంగుళం కంతల కోళ్ల జాలీని మించింది లేదు. మడి కొలత కన్నా నాలుగు వైపులా 3 అంగుళాలు ఎక్కువగా కత్తిరించి, ఆ అంచును కిందికి మడవండి. మడవకపోతే తెగిన తీగ మొనలు కలుపు తీసేటప్పుడు చేతికి గుచ్చుకుంటాయి. విత్తనం చల్లి, నీళ్లు పెట్టాక జాలీని మట్టికి ఆనించి పరవండి. 8 అంగుళాల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) తీగ ముక్కలను జడపిన్నులా వంచి అడుగున్నరకొకటి, మూలల్లో రెండేసి లోపలికి దిగ్గొట్టండి. మొలకలు కంతల్లోంచి వాటంతటవే పైకొస్తాయి.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మొలకలకు చోటుండాలని ఇటుకలు పెట్టి జాలీని ఎత్తులో పరుస్తారు. పిల్లి దాని మీదెక్కి హాయిగా పడుకుంటుంది, జాలీ జారి నారంతా నలుగుతుంది. ఇంకో సంగతి: తోటకూరను వేళ్లతో పీకే అలవాటుంటే మొలక 2 అంగుళాలు ఉన్నప్పుడే జాలీ తీసేయండి, ఆలస్యమైతే ఆకులు చిరుగుతాయి. కోసుకునే పాలకూరకు చివరిదాకా ఉంచినా నష్టం లేదు. వంగ, టమాటాలకైతే కాండం చుట్టూ 3 అంగుళాల ఖాళీ వదిలి కత్తిరించాలి. లేకపోతే కాండం లావెక్కాక తీగ కోసుకుపోతుంది.

కుండీలకు ఇంత హంగామా అక్కర్లేదు. 20 ఎంఎం కంకర ఒక పొర పరిస్తే చాలు. సన్న గులకరాళ్లయితే వాటినీ తవ్విపోస్తుంది. కొబ్బరి చిప్పలూ పనికొస్తాయి కానీ బోర్లించండి, వెల్లకిలా ఉంటే నీళ్లు నిలిచి దోమలొస్తాయి. పెద్ద గ్రో బ్యాగులో పెన్సిలంత లావు కంది కంపను 8 అంగుళాల ముక్కలు చేసి, సగం లోతుకు, నాలుగేసి అంగుళాల ఎడంతో గుచ్చితే పిల్లికి తిరగడానికి చోటు దొరకదు. పై కొనలు మాత్రం మొద్దుగా ఉండాలి, వంగి పనిచేసేటప్పుడు కంటికి తగలొచ్చు.

పిల్లిని మనమే పిలుస్తున్నామేమో కూడా చూసుకోండి. ఎముకల పొడి, మీనామృతం (చేపలు, బెల్లం పులియబెట్టిన ఎరువు), చేపలు కడిగిన నీళ్లు వేసిన కుండీ దగ్గరికి ఆ రాత్రే వస్తుంది. పొడిని 3 అంగుళాల లోతులో కప్పి నీళ్లు పోయండి. మూత లేని కంపోస్టు డబ్బాకు ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే పిల్లి. ఇక చాలామందికి తెలియనిది కుప్పింటాకు. ఆ కలుపు మొక్క వేరంటే పిల్లికి మహా మోజు, దాని మీద పడి పొర్లుతుంది. పీకి అక్కడే పడేయకుండా సంచిలో వేసి బయట పారేయండి.

పిల్లి మేడెక్కే దారి పక్కన, వాన తగలని చోట పాత టబ్బులో 4 అంగుళాల పొడి ఇసుక పోసి పెట్టండి. రోజూ శుభ్రం చేస్తేనే అది పనిచేస్తుంది, మురికిగా ఉంటే పిల్లి మళ్లీ మడికే వస్తుంది. పిట్టగోడ మీదికి వాలిన కొమ్మలుంటే కొట్టేయండి.

పిల్లి రాకుండా వేసే నారింజ తొక్కల వాసన ఒకటి రెండు రోజుల ముచ్చట. కలరా ఉండలు, ఫినాయిల్ పిల్లులకు విషం, పైగా అది మనం తినే కూర పెరిగే మట్టి. కారం చల్లితే పాదాలకంటి, నాకినప్పుడు నోటికి, కళ్లకు చేరి హింసిస్తుంది. విషం పెట్టడం నేరం: భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు.

ఇప్పటికే మలం ఉంటే గ్లవుజులు వేసుకుని, చుట్టూ 3 అంగుళాల మట్టితో సహా ఆ రోజే తీసేయండి. దాన్ని కంపోస్టులో వేయకూడదు. ఆ మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. బయటపడ్డాక 1 నుంచి 5 రోజుల్లో అది సోకే స్థితికి వచ్చి, తడి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. గర్భిణులు ఈ పని ఇంకొకరికి అప్పజెప్పాలి. ఆ మడిలో కోసిన తోటకూర బాగా కడిగి, ఉడికించి తినండి. ఉప్పు నీళ్లలో ముంచినంత మాత్రాన ఆ క్రిమి చావదు కాబట్టి, అక్కడి కొత్తిమీర పచ్చిగా పెరుగు పచ్చడిలోకి వద్దు.