బుష్‌క్రాఫ్ట్ (అడవిలో పుల్లలు చీల్చడం, చెక్క చెక్కడం లాంటి పనుల) కత్తి కొనే ముందు ఇవి చూసుకోండి

ముందు అమ్మేవాడిని స్టీల్ పేరు అడగండి. 1095, 12సీ27, 5160 అని గ్రేడ్ చెప్పాలి. "సర్జికల్ స్టీల్", "జపనీస్ స్టీల్" అంటే ఏమీ చెప్పనట్టే. హీట్ ట్రీట్‌మెంట్ (స్టీల్‌ని కాల్చి గట్టిపరచడం) ఎవరు చేశారు, హార్డ్‌నెస్ ఎంత అని కూడా అడగండి. 56 నుంచి 60 హెచ్ఆర్‌సీ (గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు) మధ్య ఉంటే సరిపోతుంది. ఇక్కడే చాలామంది నసుగుతారు.

తర్వాత పిడి లోపల ఏముందో చూడాలి. ఫుల్ ట్యాంగ్ (బ్లేడు ఇనుమే పిడి చివరిదాకా పూర్తి వెడల్పుతో ఉండటం) అని రాసి ఉన్న ఒక కత్తి నేనూ కొన్నాను, పుల్లలు చీలుస్తుంటే పిడి ఊగింది, విప్పి చూస్తే లోపల పెన్సిలంత కడ్డీ, దానిమీద జిగురు! అందుకే పిడి అంచు, వెనక భాగం దగ్గరగా ఫొటో తీసి పంపమనండి, పంపకపోతే వదిలేయండి. అలాగని ఫుల్ ట్యాంగ్ లేనిదల్లా చెత్త కాదు. స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్ కత్తికి అది ఉండదు, బ్లేడు 2.5 మి.మీ. మందమే, అయినా చెక్క పనికి బ్రహ్మాండం. అమ్మేవాడు నిజం చెప్పాడా లేదా అన్నదే పాయింట్.

డమాస్కస్ గీతలు (పొరలు పొరలుగా కలిపి కొట్టిన స్టీల్‌పై కనిపించే అలల డిజైన్) ఉన్న కత్తి చౌకగా దొరికితే అనుమానించండి, చాలావరకు పైపై ముద్రే.

అంచుని లైటు కింద పట్టి చూడండి. ఎక్కడైనా మెరిస్తే అక్కడ మొద్దుబారినట్టు.

ఊళ్లో మంచి కమ్మరి ఉంటే లారీ కమాన్ పట్టీతో చేయించుకోవచ్చు, కానీ బ్లేడు 4-5 అంగుళాలు చాలు. 9 అంగుళాలు దాటితే ఆయుధ చట్టం గొడవ.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.