స్నోబోర్డు మాట వినడం లేదా? సైజు, వెడల్పు, బిగింపుల్లో సమస్యలు - పరిష్కారాలు

అద్దె కౌంటర్లో బోర్డును మన పక్కన నిలబెట్టి, గడ్డానికీ ముక్కుకీ మధ్య వస్తే సరిపోయిందంటారు. మొదటి రోజుకి ఆ లెక్క చాలు. ఆ తర్వాత అదే ఇబ్బంది పెడుతుంది. బోర్డు ఒక స్ప్రింగు లాంటిది. మీద ఎంత బరువు పడుతోందో, అంచును ఎంత పాదం నొక్కుతోందో దానికి తెలుస్తుంది గానీ మన ఎత్తు తెలియదు. 172 సెంటీమీటర్ల ఎత్తున్న ఇద్దరిలో ఒకరు 62 కిలోలు, ఇంకొకరు 88 కిలోలు ఉంటే ఒకే బోర్డు ఇద్దరికీ పనికిరాదు.

కింద చెప్పిన ఏ సమస్య చూసుకోవాలన్నా ముందు రెండు కొలతలు కావాలి. ఒకటి బరువు. పెళ్ళినాటి బరువు కాదు, ఇవాళ్టిది. అమెరికా కంపెనీల చార్టులు పౌండ్లలో ఉంటాయి కాబట్టి కిలోలను 2.2తో గుణించండి. రెండోది పాదం పొడవు. సాయంత్రం పూట ఒట్టి కాలితో మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబడి, బొటనవేలి చివర గీత పెట్టండి. 27 సెంటీమీటర్లు వస్తే మీ మాండో సైజు 27. అమెరికా మగవాళ్ళ బూట్లలో అది సుమారు 9 నంబరు. 28 అయితే 10, 29 అయితే 11.

మలుపులో బూటు మంచుకు రాసుకుని బోర్డు జారిపోతోంది

బోర్డును బాగా వంచి మలుపు తిప్పుతుంటే ఉన్నట్టుండి అంచు పట్టు పోతుంది, తుంటి నేలను తాకుతుంది. వెనక్కి తిరిగి చూస్తే మంచులో బోర్డు గీసిన సన్నటి గీత పక్కనే బూటు ముక్కు గీరిన చాలు కనిపిస్తుంది. బూటు మంచులో దిగి బోర్డును పైకి ఎత్తేస్తోందన్నమాట.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. బూట్లను బైండింగుల్లో (బూటును బోర్డుకు పట్టి ఉంచే బిగింపుల్లో) బిగించి, కార్పెట్ మీద బోర్డును వేళ్ళ వైపు అంచు మీద నిలబెట్టి మెల్లగా వంచండి. బూటు ఎక్కడ నేలను తాకుతుందో చూసి, మడమ వైపు కూడా అదే చేయండి. బూటు రెండు వైపులా ఒకటి, రెండు సెంటీమీటర్లు బయటికి రావడం మామూలే, అలా రావాలి కూడా. ఒక వైపు మూడు, ఇంకో వైపు సున్నా ఉంటే బోర్డు బాగానే ఉంది, బైండింగును నడి మధ్యలో బిగించలేదు. బైండింగు మధ్యలో ఉండే గుండ్రటి పలక, అంటే డిస్క్, బోల్టులు వదులు చేసి బైండింగును వేళ్ళ వైపుకో మడమ వైపుకో జరపండి. డిస్క్ గాడులు బోర్డు పొడవు వెంట ఉంటే బైండింగు అటు జరగదు. అప్పుడు డిస్కును 90 డిగ్రీలు తిప్పి పెట్టాలి. మడమను పట్టే హీల్‌కప్ జరిగే రకమైతే దాన్నీ సర్దండి.

రెండు వైపులా రెండున్నర దాటితే బైండింగు కోణం పెంచి చూడండి. 31 సెంటీమీటర్ల బూటును అడ్డంగా పెడితే మొత్తం 31 ఆక్రమిస్తుంది, 15 డిగ్రీలు తిప్పితే 30 దగ్గరికి వస్తుంది. లాభం ఒక్క సెంటీమీటరే అయినా చాలాసార్లు అదే సరిపోతుంది. అదీ చాలకపోతే వైడ్ బోర్డు తప్పదు. మాండో 25, 26 పాదాలకు నడుము వెడల్పు 245 నుంచి 250 మిల్లీమీటర్లు, 27, 28 వాళ్ళకు 250 నుంచి 258, 29 నుంచి పైకి 260 దాటినవి చూడండి. నడుము అంటే బోర్డులో అన్నిటికన్నా సన్నటి చోటు. పాదాల కింద బోర్డు అంతకన్నా ఓ సెంటీమీటరు వెడల్పుగా ఉంటుంది.

ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడానికి బోర్డు బద్ధకిస్తోంది

పై సమస్యకు ఇది తిరగేసిన రూపం. భర్త పాత బోర్డుతో నేర్చుకునే ఆడవాళ్ళకీ, అన్నయ్య బోర్డు ఎక్కిన తమ్ముళ్ళకీ ఎక్కువగా వస్తుంది. పాదం చిన్నది, బోర్డు వెడల్పు, కాబట్టి మడమకూ వేళ్ళకూ అంచు దాకా పట్టు అందదు. ఒట్టి కాలితో బైండింగు రంధ్రాల మీద, బైండింగు కోణంలోనే నిలబడి చూడండి. మడమ, వేళ్ళు దాదాపు అంచుల దాకా రావాలి. రెండు వైపులా ఒకటిన్నర సెంటీమీటర్లు ఖాళీ మిగిలితే అది మీ బోర్డు కాదు. దీనికి సర్దుబాటు లేదు, మార్చుకోవడమే. ఆడవాళ్ళ మోడళ్ళు పూలరంగులు వేసిన మగవాళ్ళ బోర్డులని కొందరు అనుకుంటారు. వాటి నడుము సన్నం, తక్కువ బరువుకు తగినట్టు వంగే గుణం కూడా వేరు.

వేగం పెరిగితే బోర్డు ముక్కు (ముందు చివర) కొట్టుకుంటోంది, గట్టి మంచు మీద అంచు నిలవడం లేదు

దీనికి మూడు కారణాలు ఉండొచ్చు. ఖర్చు తక్కువైన దాని నుంచి మొదలుపెట్టండి.

మొదట అంచు పదును. గోటిని అంచు మీద అడ్డంగా లాగితే సన్నటి పొడి రాలాలి. రాలకపోతే అంచు మొద్దుబారింది. అడుగు వైపు 1 డిగ్రీ, పక్క వైపు 1 లేదా 2 డిగ్రీలు పెట్టి పదును చేయమని దుకాణంలో చెప్పండి. రాత్రి గడ్డకట్టి పొద్దున గాజులా మారే వాలుల మీద, ముఖ్యంగా అమెరికా తూర్పు రాష్ట్రాల్లో, ఈ ఒక్క పనితో సగం బాధ తీరుతుంది.

రెండోది బోర్డు వంపు. చదునైన నేల మీద ఉత్త బోర్డును పెట్టండి. నడిమి భాగం నేలకు ఎత్తులో ఉంటే కేంబర్. నడుము నేలకు ఆనుకుని ముక్కు, తోక ముందునుంచే పైకి లేస్తే రాకర్. రాకర్ బోర్డు మెత్తటి మంచులో ముద్దుగా తిరుగుతుంది కానీ, నేలకు ఆనే అంచు తక్కువ కాబట్టి గట్టి మంచు మీద సబ్బులా జారుతుంది. వేగంగా వెళ్ళాలనుకునేవాళ్ళు కేంబర్‌కి, లేదా పాదాల కింద కేంబర్, చివర్లలో రాకర్ ఉండే హైబ్రిడ్‌కి మారాలి.

మూడోది పొడవు. అన్ని రకాల వాలులకూ వాడే మగవాళ్ళ బోర్డుల్లో 55 నుంచి 65 కిలోల వారికి 147 నుంచి 152 సెంటీమీటర్లు, 75 వరకు 152 నుంచి 156, 85 వరకు 156 నుంచి 160, 95 వరకు 159 నుంచి 163 దాకా చూసుకోవచ్చు. గెంతుల కోసం మంచు దిబ్బలు కట్టిన పార్కులో గెంతులు, గిరికీలే ఇష్టమైతే రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించండి, వేగమైతే అంతే పెంచండి. ఇవి సుమారు కొలతలు మాత్రమే. మీరు కొనే మోడల్‌కు కంపెనీ ఇచ్చిన బరువు చార్టు దీనికి భిన్నంగా ఉంటే చార్టునే నమ్మండి. మీ బరువు దాని పై గీతను దాటితే ఎంత పదును పెట్టినా ముక్కు కొట్టుకోవడం ఆగదు.

చదునైన చోట ఉన్నట్టుండి బోర్లా పడేస్తోంది

వాలుకు దిగువ వైపున్న అంచు మంచులో కుచ్చుకుంటే ఇలా జరుగుతుంది. దెబ్బ గట్టిగా తగులుతుంది, హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు. నిజానికి ఇందులో సగం తప్పు నడిపే తీరుది. చదునుగా ఉన్న దారిలో బోర్డును పూర్తిగా పరిచి పోకుండా ఏదో ఒక అంచు మీద కొద్దిగా ఒరగాలి. మిగిలిన సగం బోర్డుది. కొత్త బోర్డు అంచులు ముక్కు, తోకల దగ్గర కూడా పదునుగా వస్తాయి. అంచు నేలను వదిలి పైకి లేచే చోటు నుంచి చివరి వైపు గమ్‌స్టోన్‌తో (రబ్బరు లాంటి అరగదీసే రాయితో) రుద్ది మొద్దు చేయండి. పాదాల మధ్య అంచును మాత్రం ముట్టుకోవద్దు.

గట్టి కేంబర్ బోర్డును మొదటి బోర్డుగా కొన్నవాళ్ళకు ఈ చిట్కా కొంతవరకే పనిచేస్తుంది. నేర్చుకునేటప్పుడు పదిలో 2 నుంచి 4 గట్టిదనం ఉన్న ఫ్లాట్ లేదా హైబ్రిడ్ బోర్డు చాలు. దుకాణంలో 8 ఉన్నది డిస్కౌంట్‌లో కనిపిస్తే కళ్ళు మూసుకుని దాటేయండి.

లోతు మంచులో ముక్కు మునుగుతోంది, వెనక తొడ మండుతోంది

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో అఫర్వత్ కొండ వైపు గొండోలా (కేబుల్ కారు) ఎక్కినవాళ్ళకు ఇది తెలుసు. ముక్కు పైకి తేల్చడానికి బరువంతా వెనక కాలి మీద వేస్తే ఓ గంటలో తొడ పట్టేస్తుంది. రెండు బైండింగులనూ తోక వైపు ఒక్కో రంధ్రం వెనక్కి జరపండి, మామూలుగా అది 2 సెంటీమీటర్లు. చాలకపోతే ఇంకో రంధ్రం. ముందూ వెనకా ఒకేలా ఉండే ట్విన్ బోర్డుతో దీనికి హద్దుంటుంది. ఏటా లోతు మంచుకే వెళ్ళేవాళ్ళు పెద్ద ముక్కు, చిన్న తోక ఉన్న డైరెక్షనల్ బోర్డు కొనుక్కోవాలి. వాటిలో పొట్టిగా, వెడల్పుగా ఉండే రకాలను మామూలు సైజు కన్నా 3 నుంచి 6 సెంటీమీటర్లు తక్కువ తీసుకోవచ్చు, పొడవులో తగ్గింది వెడల్పు పూడుస్తుంది. అక్కడ గుర్తు పెట్టిన దారి దాటితే బోర్డు కన్నా ముందు మంచు చరియ కింద చిక్కినవాళ్ళను వెతికే బీకన్ (సంకేతం పంపే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడుగు కర్ర), పార, వాటిని వాడటం తెలిసిన తోడు కావాలి.

అమెరికా పడమటి వైపున్న టాహోలో కొత్త మంచు పడినా తడిగా, బరువుగా ఉంటుంది, దాన్ని సియెర్రా సిమెంట్ అంటారు. అందులో బోర్డు ఉన్నచోటే అతుక్కుంటే సైజును అనుమానించకండి. వెచ్చటి మంచుకు తగిన వ్యాక్స్ పూయాలి. అడుగు భాగం అంచుల వెంట తెల్లబారి ఎండినట్టుందంటే ఎప్పుడో పూయాల్సింది. వ్యాక్స్ కరిగించడానికి ఇస్త్రీ పెట్టే ముందు బైండింగు బోల్టులు వదులు చేయండి, లేకపోతే వేడికి అడుగున గుంటలు పడతాయి.

మోకాళ్ళ నొప్పి, మడమ లేవడం

మోకాలు నొప్పెడితే ముందు బోర్డు మీద గుర్తు పెట్టిన రెఫరెన్స్ స్టాన్స్‌కి (కంపెనీ సూచించిన బైండింగుల చోటుకి) వెళ్ళి, అక్కడి నుంచి ఒకేసారి 2 సెంటీమీటర్లకు మించకుండా మార్చండి. కోణాలు ముందు కాలికి +15, వెనక కాలికి -6 నుంచి -12 మధ్య పెట్టి చూడండి (+ అంటే వేళ్ళు బోర్డు ముక్కు వైపు, - అంటే తోక వైపు తిరిగినట్టు). మోకాలు వంచినప్పుడు అది పాదం చూసే వైపే పోవాలి. మడమ బూటులో లేస్తుంటే అది బోర్డు గొడవే కాదు. బూటు పెద్దది. నిలబడితే వేళ్ళు లోపలి చివర తాకాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. చలికి భయపడి రెండేసి జతల సాక్స్ వేసుకుంటే బిగువు పోతుంది, రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒక్క పలచటి ఉన్ని జత చాలు.

సెకండ్ హ్యాండ్ బోర్డుకు బైండింగు పట్టడం లేదు

రంధ్రాలు నాలుగేసి గుంపుగా ఉన్న బోర్డుకు మామూలు డిస్కులన్నీ దాదాపు పడతాయి. బర్టన్ కంపెనీ ఛానెల్ బోర్డుల్లో రంధ్రాల బదులు పొడుగు గాడి ఉంటుంది. వాటి ఈఎస్‌టీ బైండింగులు రంధ్రాల బోర్డుకు పట్టవు, రీఫ్లెక్స్ రకం రెండిటికీ పడుతుంది. డబ్బు ఇచ్చే ముందు అడుగు భాగం మీద బైండింగుల చోట అరచెయ్యి రాయండి. ఉబ్బు తగిలితే ఎవరో పొడుగు బోల్టు వేసి బిగించారు. తర్వాత అంచు వెంట గోరు పోనిచ్చి చూడండి, పొరల మధ్య గోరు దిగితే ఎంత చవకైనా ఆ బోర్డు వద్దు.