సైకిల్ పని మనమే చేద్దాం – 6వ పాఠం: స్టాండు కింద నలిగే గేరు వైరు

పోయిన పాఠంలో పాత ఇన్నర్ వైరు లాగేసి కొత్తది ఎక్కించాం. కొత్త వైరుతో కూడా గేర్లు సరిగా పడకపోతే చాలామంది వెంటనే స్క్రూలు తిప్పడం మొదలుపెడతారు. ఆగండి. ముందు వైరు నడిచే దారి చూడాలి. సైడు స్టాండు ఉన్న గేరు సైకిల్లో అనుమానించాల్సిన మొదటి చోటు పెడళ్ల ఇరుసు వెనక, స్టాండు బిగించే రేకు దగ్గర.

సీటు కింద గోనెపట్టా వేసి సైకిల్ని బోర్లించండి. హ్యాండిల్ నుంచి వైరు వెంట వేలు పెట్టుకుంటూ రండి. మొదట అవుటర్ తొడుగులో ఉంటుంది. ఏటవాలు గొట్టం మీదున్న స్టాపర్ దగ్గర అవుటర్ ఆగిపోతుంది. అక్కణ్నుంచి బోడి వైరే. అది బీబీ గొట్టం (పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం) అడుగున ఉన్న ప్లాస్టిక్ గాడిలోంచి జారుతుంది. అక్కడ రెండు వైర్లూ విడిపోతాయి. వెనక గేరు వైరు కుడి చైన్‌స్టే (పెడళ్ల ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకు పోయే గొట్టం) అడుగునుంచి చక్రం దాకా పోతుంది. ముందు గేరు వైరు బీబీ గొట్టానికీ స్టాండు రేకుకూ మధ్య సందులోంచి నిటారుగా పైకి లేస్తుంది. మీ సైకిల్లో ముందు గేరు వైరు పైగొట్టం మీదుగా వచ్చి కిందికి దిగుతుంటే ఆ వైరుకు ఈ బాధ లేదు.

రేకు రెండు చైన్‌స్టేల మధ్య వెల్డు చేసి ఉంటుంది. దాని కింద స్టాండు తల, మధ్యలో ఒక లావు బోల్టు. రేకు వల్ల చిక్కేమీ లేదు. తల వెడల్పుగా ఉండి దాని చెవి కుడి చైన్‌స్టే మీదికి వస్తే వెనక వైరు నలుగుతుంది. తల ముందుకు జరిగి బిగుసుకుంటే సందు మూసుకుపోయి ముందు వైరు ఒరుసుకుంటుంది. ఫ్రేము ఒక చోట, స్టాండు ఇంకో చోట కొన్నప్పుడు ఇది మామూలే.

నలుగుతోందని విప్పకుండానే చెప్పొచ్చు. పెద్ద పళ్లచక్రం మీదికి గేరు ఠక్కున ఎక్కుతుంది, చిన్నదాని మీదికి మాత్రం నానుస్తూ దిగుతుంది. ఎక్కించేటప్పుడు లాగేది మీ బొటనవేలు, రాపిడి ఉన్నా దాన్ని మించి లాగేస్తుంది. దించేటప్పుడు లాగేది, చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే డీరేలర్‌లోని స్ప్రింగు ఒక్కటే, దానికంత బలం లేదు. 7 గేర్ల చక్రంలో పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. షిమానో పద్ధతిలో ఒక్క నొక్కుకు వైరు కదిలేది 3 మిల్లీమీటర్ల లోపే. అందులో ఒక మిల్లీమీటరు స్టాండు కింద పట్టేస్తే గేరు మధ్యలో ఉండిపోయి కటకటలాడుతుంది. ఎవరెంత ట్యూనింగ్ చేసినా రెండు రోజులే.

ఇంకో పరీక్ష ఉంది. స్టాండు దించి ఒకసారి, మడిచి ఒకసారి, చైన్‌స్టే కింద బోడి వైరును చూపుడువేలితో మీటండి. రెండుసార్లూ ఒకేలా స్వేచ్ఛగా కదలాలి. మడిచినప్పుడు బిగుసుకుంటే స్టాండు కాలు తగులుతోందని అర్థం.

ఇక మందు. తల చెవి కొద్దిగానే తగులుతుంటే స్టాండు విప్పి, వైరు వెళ్లేచోట రౌండు ఆకురాయితో గాడి తీయండి. స్టాండు తల చాలావాటిలో అల్యూమినియం పోత కాబట్టి తొందరగా అరుగుతుంది. గాడి అంచులు నున్నగా ఉండాలి, లేకపోతే అవే వైరు పోగుల్ని కోస్తాయి. గీయాల్సింది స్టాండునే. ఫ్రేము మీద ఆకురాయి పెట్టొద్దు, చైన్‌స్టే గోడ చాలా పలచన.

రేకు లేని ఫ్రేముకు రెండు పట్టీలతో చైన్‌స్టేలను నొక్కిపట్టే స్టాండు వేశారనుకోండి, దానికి గాడీ లేదు గీడీ లేదు. తీసేయండి. అల్యూమినియం గొట్టాలు ఆ నొక్కుడుకు సొట్టపడతాయి. వెనక చక్రం ఇరుసు దగ్గర ఎడమవైపు బిగించే స్టాండు తెచ్చుకోండి. అక్కడ ఫ్రేముకే రెండు రంధ్రాలుంటే వాటి మధ్య దూరం కొలుచుకుని కొట్టుకు వెళ్లండి. 18, 40 మిల్లీమీటర్ల కొలతలు రెండూ వాడుకలో ఉన్నాయి.

గాడితో పని జరగకపోతే నేను మొగ్గేది మూడో దారికి: వెనక వైరును బీబీ కిందికి అసలు పోనివ్వకపోవడం. హ్యాండిల్ నుంచి డీరేలర్ దాకా ఒకే అవుటర్ వేసి, పైగొట్టం మీదుగా, కుడి సీటుస్టే (సీటు కిందినుంచి వెనక చక్రం ఇరుసుకు దిగే గొట్టం) వెంట దించడం. బురదలో తొక్కే సైక్లోక్రాస్ సైకిళ్లకు ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మన దగ్గర దీనికి ఇంకో కారణం కూడా. వానాకాలం ఉండవల్లి దాటి కరకట్ట వెంట అమరావతి వైపు తొక్కేవాళ్లకు తెలుసు, ఆ నల్లరేగడి బీబీ అడుగున పేరుకుని ఎండితే సిమెంటే. బోడి వైరు జారే గాడి ముందు పూడుకుపోతుంది. అవుటర్ పైనుంచి పోతే ఆ గొడవే లేదు. క్యారియర్ కాళ్లు సీటుస్టేకు అడ్డమొస్తాయేమో మాత్రం ముందే చూసుకోండి.

అవుటర్ కొనేటప్పుడు గట్టిగా అడగండి, గేరు అవుటరే కావాలని. బ్రేకు అవుటర్ లావు 5 మిల్లీమీటర్లు, లోపల తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. వైరు లాగిన ప్రతిసారీ అది కాస్త కుదించుకుపోతుంది, గేరు లెక్క తప్పుతుంది. గేరు అవుటర్ 4 మిల్లీమీటర్లు, అందులో తీగలు నిలువుగా ఉంటాయి, కుదించుకుపోవు. "రెండూ ఒకటేనండీ" అని బ్రేకుది చేతిలో పెట్టే కొట్లున్నాయి. కోసిన చివర చూస్తే తెలిసిపోతుంది.

పొడవు కొలవడం నిదానంగా చేయాల్సిన పని. అవుటర్‌ను హ్యాండిల్ నుంచి డీరేలర్ దాకా ఉత్తినే పరిచి దారంతో అక్కడక్కడా కట్టండి. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పండి. ఎటు తిప్పినా అవుటర్ లాగినట్టు ఉండకూడదు. వెనకవైపు సీటుస్టే దిగి డీరేలర్‌లోకి తిరిగే వంపు గుండ్రంగా ఉండాలి, మడత పడకూడదు. మొత్తం మీద ఇన్నర్ చాలుతుందా లేదా ఇప్పుడే చూసుకోండి. మామూలుగా అమ్మే రెండు మీటర్ల ఇన్నర్ చాలా సైకిళ్లకు సరిపోతుంది. పెద్ద ఫ్రేమైతే కొలిచాకే కోయండి.

మామూలు కటింగ్ ప్లేయర్‌తో కోస్తే అవుటర్ చివర నలిగి మూసుకుపోతుంది. పదునైన కేబుల్ కట్టర్ దొరికితే అది వాడండి. కోశాక చివరను ఆకురాయి మీద అడ్డంగా రుద్ది చదును చేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని దబ్బనంతో తెరవండి. గుంటూరు వాళ్లకు చెప్పేదేముంది, మిర్చి టిక్కీలు (బస్తాలు) కుట్టే దబ్బనం ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. తర్వాత రెండు చివరలకూ మెటల్ క్యాపు తొడగాలి. క్యాపు లేకుండా వదిలితే తీగలు మెల్లగా డీరేలర్‌లోకి పొడుచుకుపోతాయి.

ఫ్రేముకు కట్టడానికి నల్ల కేబుల్ టైలు తీసుకోండి. తెల్లవి మన మే నెల ఎండకు పెళుసెక్కి టప్పున తెగుతాయి. జానెడు దూరానికొకటి చాలు. అవుటర్ నొక్కుకుపోయేలా బిగించొద్దు, వేలితో తోస్తే ముందుకూ వెనక్కూ జరగాలి. టై తోకను అంచుదాకా కోసేయండి, లేకపోతే తొడకు గీసుకుంటుంది.

ముందు గేరు సంగతి చెప్పనేలేదు. వైరు కిందినుంచి వచ్చే ముందు డీరేలర్‌కు పైదారి లేదు, సందులోంచి రావాల్సిందే. స్టాండు బోల్టు వదులుచేసి, తలను వీలైనంత వెనక్కి జరిపి బిగించండి. బిగిస్తున్నప్పుడు తల తిరిగిపోకుండా ఇంకొకరిని పట్టుకోమనండి. ఎడమ పెడల్ కాడ స్టాండుకు తగలకుండా తిరుగుతోందో లేదో కూడా అప్పుడే చూడండి. అసలు ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డో మంగళగిరి కొండో ఎక్కితే తప్ప బెజవాడలో ముందు గేరు మార్చే అవసరం ఎంతమందికి పడుతుందో నాకైతే అనుమానమే. అయినా ఉన్నదాన్ని సరిగా ఉంచుకుందాం.

వచ్చే పాఠం దాకా మీ పని ఇది: స్టాండు మడిచి, సైకిల్ని తాడుతో వెనక చక్రం గాల్లో ఉండేలా వేలాడదీసి, పెడల్ చేత్తో తిప్పుతూ పెద్ద పళ్లచక్రం నుంచి చిన్నదానికి ఒక్కో నొక్కూ దించండి. ఎక్కడ నానుస్తోందో రాసుకోండి. స్టాండు దించి మళ్లీ అదే చేయండి. రెండు వరసలూ ఒకేలా ఉంటే వైరు దారి బాగున్నట్టే, వైరు బిగువు మార్చే బ్యారెల్ స్క్రూతో సరిచేయడం అక్కణ్నుంచి మొదలుపెడదాం. అప్పటిదాకా ఇన్నర్ తోక కోయొద్దు. బెత్తెడు వదిలి, పోగులు విడిపోకుండా చివర క్యాపు నొక్కి ఉంచండి.